మద్రాసు నుంచి నాలుగు పెట్టెలు

నెల్లూరు వాళ్ళకి మద్రాసు పొరుగూరు కాదండీ, పక్కిల్లు! పెళ్ళి చీరలకీ మద్రాసే, కంటి ఆపరేషనుకీ మద్రాసే, కొత్త సినిమా మొదటి రోజు చూడాలన్నా ఒకప్పుడు మద్రాసే. 1996లో ఊరి పేరు చెన్నై అని మారింది. అయినా మా నాయన నోట్లో మాత్రం ఇవాళ్టికీ మారలేదు. ఆయనకి 82 ఏళ్ళు. ఈ వయసులో కొత్త పేర్లు నేర్చుకోమని ఎవరు చెప్తారు?

ఆ మద్రాసుకి ఈమధ్య నేనూ, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వెలగబెడుతున్న మా వాడూ కలిసి వెళ్ళాం. పనేమిటంటారా? స్పీకర్లు కొనటం! ‘ఈ రోజుల్లో స్పీకర్ల కోసం రైలెక్కి పోయేవాళ్ళున్నారా? ఫోన్లో మీట నొక్కితే ఇంటికే వస్తాయి గదా’ అని మీరు నవ్వొచ్చు. మా వాడూ నవ్వాడు. కానీ మీట నొక్కి తెచ్చుకున్న వైభోగం మా ఇంట్లో అప్పటికే ఒకటి అయింది. ముందు ఆ కథ వినండి.

బాంబులున్నాయి... మాటలేవీ?

రెండేళ్ళ కిందట మా వాడి పోరు పడలేక ఒక హోమ్ థియేటర్ సెట్టు కొన్నాను. పేరెందుకు లెండి. పిడికిలంత పెట్టెలు అయిదు, బియ్యం డబ్బా అంత ఊఫరు ఒకటి. అట్టపెట్టె మీద వేల వాట్లు! మొదటి రోజు ఫైటు సీను పెడితే వంటింట్లో స్టీలు గిన్నెలు కూడా తాళం వేశాయి. మా వాడు ఎగిరి గంతేశాడు.

నాయన మాత్రం పడక్కుర్చీలోంచి “ఏందిరా ఆ బాదుడు? వాడేమన్నాడో వినపడనీరా!” అన్నాడు.

నిజమే. ఫైటు మోగింది గానీ మాట వినపడలేదు. మాట కోసం సౌండు పెంచితే తర్వాతి సీన్లో బాంబు. బాంబుకి తగ్గిస్తే మళ్ళీ మాట పోయె. రిమోటు పెట్టుకుని పెంచటం, తగ్గించటం... ఇదే సినిమా అయిపోయింది మాకు. పోనీ పాటలు పెడదామంటే ఘంటసాల గొంతు బిందెలోంచి పాడినట్టుంది. సుశీలమ్మ గొంతు ఎక్కడో గోడ వెనకాల. నాలుగు రోజులు చూసి నాయన తన గదిలోకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి హాల్లో కూర్చోవటమే మానేశాడు.

ఇక్కడ మా నాయన గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన ముప్ఫయ్యొక్క ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాడు. రోజుకి మూడాటలు, పండగలకి నాలుగు. మా ఊళ్ళో ఎందరో హీరోల సినిమాలు ఆయన చేతి మీదుగానే తెర మీద పడ్డాయి. కానీ ఒక విచిత్రం చూడండి. ఆ సినిమాల్లో ఒక్కటీ ఆయన సరిగ్గా వినలేదు! ప్రొజెక్షన్ గదిలో రెండు మిషన్లు గరగరా తిరుగుతుంటాయి. లోపల సౌండు వస్తోందో లేదో తెలుసుకోటానికి గోడకి చిన్న మానిటరు స్పీకరు ఒకటుంటుంది. ఆయన విన్నదంతా ఆ చిన్న పెట్టెలోంచి, ఆ గరగరలోంచి. హాల్లో వెయ్యిమంది కూచుని విన్న పాట, వేసి చూపించిన మనిషికి మాత్రం పూర్తిగా అందలేదు.

ఇప్పుడు తీరిగ్గా విందామంటే చెవులు మందగించాయి. వయసొచ్చాక ముందుగా తగ్గేది సన్నటి శబ్దాలు వినే శక్తి. ‘స’, ‘ష’, ‘ఫ’ లాంటి అక్షరాలు జారిపోతాయి. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది గానీ ఏం మాట్లాడాడో తెలీదు. మిషన్ల చప్పుడులో ముప్ఫయ్యేళ్ళు గడిపిన చెవులకి అది మరీ ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే “చెవిలో ఆ గింజ పెట్టుకోమంటారు, నేను రాను” అంటాడు. ఆ మాట మీద రెండేళ్ళుగా కదల్లేదు.

సరే, చీటీ పాడిన డబ్బు 70 వేలు చేతికొచ్చింది. సినిమాకీ పాటకీ రెంటికీ పనికొచ్చే స్పీకర్లు కొని నాయన్ని మళ్ళీ హాల్లోకి తీసుకురావాలని నా పంతం. ఇంకా పెద్ద ఊఫరు కొనాలని మా వాడి పంతం. ఇద్దరం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

రిచీ స్ట్రీట్ సందడి

సెంట్రల్లో దిగి మెట్రో ఎక్కితే మరుసటి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కణ్ణించి నాలుగడుగులేస్తే మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్. పేరుకి వీధి గానీ అదొక సంత. కంప్యూటర్లు, కెమెరాలు, బల్బులు, వైర్లు, చార్జర్లు, మైకులు... నడవటానికి మాత్రం చోటుండదు. ఒక కొట్లో భజన పాట, ఎదురు కొట్లో కుత్తు పాట, మధ్యలో తోపుడుబండి వాడి కేక. పై అంతస్తుల్లో సోల్డరింగ్ పొగ.

ఈ వీధికి నేను మొదటిసారి 1983లో వచ్చాను. నాకు పదేళ్ళు. హాల్లో ఆంప్లిఫయరు మూగపోతే స్పేరు కోసం నాయన వస్తూ నన్నూ తీసుకొచ్చాడు. అప్పట్లో రేడియో సామాన్ల కొట్లే ఎక్కువ. పని అయ్యాక దేవి థియేటరుకి తీసుకెళ్ళాడు. ఆయన సీట్లో కూచుని సినిమా చూడటం నేను అదే చూడటం! సినిమా అంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. బయటికొచ్చాక “మాట ఎంత శుద్ధంగా ఉందిరా...” అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుర్తు.

అన్నట్టు, మన తెలుగు సినిమాకీ ఈ పేటకీ చుట్టరికముంది. పక్కనే మీరాన్ సాహెబ్ వీధి ఒకప్పుడు సినిమా పంపిణీదారుల ఆఫీసులకి పెట్టింది పేరు. మన సినిమాలు కోడంబాకంలో, వడపళనిలో పుట్టి, ఇలాంటి వీధుల మీదుగానే మన ఊళ్ళకొచ్చేవి.

మా బావ వడపళనిలో ఉంటాడు. ఇరవై ఏళ్ళు ఒక రికార్డింగు థియేటర్లో సహాయకుడిగా చేసి రిటైరయ్యాడు. వీధి మొదట్లోనే మా కోసం కాచుకునున్నాడు. ఆయనకి తెలిసిన కొట్టుకి తీసుకెళ్ళాడు. కొట్టాయన తమిళ యాసలో తెలుగు మాట్లాడతాడు. మా వాడు వెళ్ళీ వెళ్ళగానే “ఎన్ని వాట్స్ అంకుల్?” అన్నాడు.

కొట్టాయన నవ్వి, “తంబీ, అట్టపెట్టె మీద వాట్లు అడగవద్దు. ఒక రెప్పపాటు కాలానికి లెక్క కట్టిన వాట్లు వేరే, గంటల తరబడి నిలబడి ఇచ్చే ఆర్.ఎమ్.ఎస్. వాట్లు వేరే. స్పీకరు వెనకాల రాసింది చూడు” అని ఒకటి తిప్పి చూపించాడు.

అక్కడ రెండు అంకెలున్నాయి. ఒకటి ఓమ్‌లు... 4, 6, 8 ఇలా. ఆంప్లిఫయరు ఎన్ని ఓమ్‌ల స్పీకరు మొయ్యగలదో చూసి కొనాలి. తక్కువ ఓమ్‌లంటే ఆంప్లిఫయరుకి ఎక్కువ బరువు. రెండోది సెన్సిటివిటీ... ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినపడుతుందీ అని. 85 ఉన్న స్పీకరుకీ 88 ఉన్న స్పీకరుకీ తేడా మూడే గదా అనుకోకండి. ఆ మూడు డెసిబెల్స్ కోసం వాట్లు రెట్టింపు కావాలి! పది డెసిబెల్స్ కావాలంటే పదింతలు. ఇరవై కావాలంటే వందింతలు.

“సినిమా కష్టం అక్కడే ఉంది” అన్నాడు బావ. “మాట మామూలు ఎత్తులో నడుస్తుంది. బాంబు దానికన్నా ఇరవై డెసిబెల్స్ పైన పడొచ్చు. మాటకి ఒక వాటు చాలితే బాంబుకి వంద కావాలన్నమాట. చిన్న పెట్టె ఆ దెబ్బకి గొంతు పగిలి అరుస్తుంది. పాటలో అంత ఎత్తుపల్లాలుండవు. కానీ పాటలో అబద్ధం ఇట్టే దొరికిపోతుంది. సినిమాకి బలం కావాలి, పాటకి నిజాయితీ కావాలి. నిజాయితీ ఉన్న స్పీకరుకి బలం తర్వాతైనా జతచెయ్యొచ్చు. బలం మాత్రమే ఉన్నదానికి నిజాయితీ ఏ కొట్లోనూ దొరకదు.”

ఏమాటకామాటే చెప్పుకోవాలి, కొట్టాయన కూడా మంచివాడే. “ఈ రద్దీలో విని మీరు ఏమీ తేల్చలేరు సార్. వైరు, స్టాండ్లు ఇక్కడ కొనండి. స్పీకరు మాత్రం నిశ్శబ్దంగా ఉన్న గదిలో విని తీసుకోండి” అన్నాడు. సరుకు అమ్మేవాడు అలా చెప్పటం నేను చూళ్ళేదు!

చీకటి గదిలో పరీక్ష

బావ చెప్పిన షోరూము నగరంలోనే మరో చోట, మేడ మీద. లోపల తివాచీ, బరువైన తెరలు. తలుపేస్తే బయట నగరం ఉందని కూడా తెలీదు. మేము ఇంటి నుంచే పాటలూ, సినిమా డిస్కులూ పట్టుకెళ్ళాం. కొట్టువాళ్ళ డిస్కులో ఏ స్పీకరైనా బాగానే పాడుతుంది. మనకి కంఠతా వచ్చిన పాటయితేనే ఎక్కడ ఏం తక్కువైందో తెలుస్తుంది.

బావ మొదట చేయించిన పని అన్ని స్పీకర్ల సౌండూ ఒకే ఎత్తుకి తేవటం. ఎందుకంటే రెంటిలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు మన చెవికి భ్రమ. ఈ కిటుకుతోనే చాలా సరుకు అమ్ముడుపోతుందట.

మొదట ఘంటసాల. గొంతు మనిషి నోట్లోంచి వచ్చినట్టుండాలి, ఛాతీలోంచి, బిందెలోంచి కాదు. రెండు జతలు ఇక్కడే పోయాయి. తర్వాత బాలు. మా జిల్లా మనిషి! నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి మఠానికిచ్చేశారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే వెళ్ళిపోయారు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పాట పెట్టాం. గమకంలో ఊపిరి తీసుకునే చోటు తెలియాలి. ‘శ’, ‘స’ పలికినప్పుడు చెవిలో సూది గుచ్చినట్టుండకూడదు. ఒక పొడుగాటి స్తంభం లాంటి స్పీకరు చూట్టానికి రాజాలా ఉంది గానీ ఇక్కడ గుచ్చింది.

మూడోది మృదంగం. దెబ్బ పడాలి, ఆగాలి. నాసిరకం ఊఫరులో దెబ్బ ఆగదు. ప్రతి దెబ్బా ‘బూమ్‌మ్‌మ్’ అని ఒకే స్వరంలో సాగుతుంది. మా ఇంట్లో ఉన్నది సరిగ్గా అదే. మా వాడి మొహం చూశాను. వాడికీ అర్థమైంది.

నాలుగోది మాటల సీను. సంగీతం లేకుండా ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టి, సౌండు బాగా తగ్గించి వినాలి. తక్కువ సౌండులో కూడా మాట తెలిసిందంటే స్పీకరు నెగ్గినట్టే.

చివరికి నిలిచింది ఒక బుక్‌షెల్ఫ్ జత. ఆరున్నర అంగుళాల ఊఫరు, పైన ఒక అంగుళం ట్వీటరు, 88 డెసిబెల్స్, 8 ఓమ్‌లు. చూట్టానికి ఏమీ ఉండదు, నల్ల పెట్టె. పాట అద్భుతం. ఇక సినిమా మాటేమిటి?

మధ్య పెట్టె మర్మం

సినిమా హాల్లో మాట ఎక్కణ్ణించి వస్తుందో మీలో ఎంతమందికి తెలుసు? తెర వెనక నుంచి! తెరకి కంటికి ఆనని సన్నటి చిల్లులుంటాయి. వెనక మధ్యలో ఉన్న స్పీకరు సౌండు ఆ చిల్లుల్లోంచి వస్తుంది. అందుకే హీరో నోట్లోంచే మాట వచ్చినట్టుంటుంది. ఇంట్లో 5.1 అంటే ముందు కుడి, ఎడమ, మధ్య, ఇంకా పక్కలకి రెండు, ఇవి అయిదు. ఆ చుక్క పక్కన ఒకటి ఊఫరుది. మాటల్లో ఎక్కువ భాగం నడిచేది మధ్య పెట్టెలోనే.

“రెండు మంచి స్పీకర్ల మధ్యలో సరిగ్గా కూచుంటే మధ్య పెట్టె అక్కర్లేదు. మాట మధ్యలోంచే వచ్చినట్టుంటుంది. మీ నాయన ఎక్కడ కూచుంటారు?” అని అడిగాడు బావ.

“ఎడమ గోడ పక్కన, పడక్కుర్చీలో.”

“అయితే ఆయనకి మాటంతా ఎడమ స్పీకరులోంచే వస్తుంది. మధ్య పెట్టె ఉండాల్సిందే. పైగా రిసీవరులో దాని సౌండు మాత్రం ఒక మూడు డెసిబెల్స్ పెంచుకుంటే బాంబు జోలికి పోకుండా మాటే పెరుగుతుంది.”

షోరూము అబ్బాయి టీవీ కింద అడ్డంగా పడుకోబెట్టే మధ్య స్పీకరు చూపించాడు. రెండు ఊఫర్లు, నడుమ ట్వీటరు. ఎదురుగా కూచుంటే బంగారం. నేను లేచి గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. గొంతు పలచబడింది! అలా పక్కపక్కన పెట్టిన రెండు ఊఫర్ల శబ్దాలు పక్కకి వచ్చేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయట. నాయన కూచునేది అక్కడే గదా!

“మరి ఆ బుక్‌షెల్ఫే ఇంకొకటి మధ్యలో నిలబెడితే?” అన్నాడు మా వాడు.

బావ వాడి వీపు తట్టాడు. మూడూ ఒకే స్పీకరయితే అంతకన్నా కావలసిందేముంది? కారు ఎడమ నుంచి కుడికి పోతే దారిలో గొంతు మారదు. కానీ ఒంటి స్పీకరు అమ్మరు, జతే కొనాలి. జత 18 వేలు. రెండు జతలు 36. అయిదు చానళ్ళ రిసీవరు 27. మొత్తం 63 వేలు. కొత్త ఊఫరుకి డబ్బుల్లేవు. నాలుగో పెట్టె మిగిలిపోతుంది.

మా వాడు ఒక్క నిమిషం ఆలోచించాడు. “ఊఫరు వచ్చే ఏడు చూసుకుందాంలే నాన్నా” అన్నాడు. వాడి నోటి వెంట ఈ మాట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

ఆ రాత్రి వడపళనిలో భోజనాలయ్యాక బావ మెల్లగా ఒక మాటన్నాడు. “ఎంత మంచి స్పీకరైనా ఉన్న చెవికే వినిపిస్తుంది. మామయ్యని పరీక్షకి తీసుకెళ్ళు. మిగిలిన ఏడువేలు ముట్టుకోవద్దు.” నేను మాట్లాడలేదు.

ఇంట్లో

మా హాలు 12 అడుగులకి 14. నున్నటి టైల్సు, ఖాళీ గోడలు. స్పీకరు ఎంత మంచిదైనా ఇలాంటి గదిలో మాట గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది. తివాచీ పరిచాం, కిటికీలకి మందపాటి తెరలు కట్టాం, పక్క గోడకి పుస్తకాల బీరువా జరిపాం. స్పీకర్లని మూలల్లోంచి లాగి గోడకి అడుగున్నర ముందుకి పెట్టాం. మూలకి నొక్కితే కింది స్వరం ఉబ్బుతుంది. ట్వీటర్లు కూచున్న మనిషి చెవి ఎత్తుకి తెచ్చాం. రెండు స్పీకర్లూ, మనం కూచునే చోటూ కలిపితే మూడు భుజాలూ సమానమైన త్రికోణం రావాలి. దీనికి పైసా ఖర్చులేదు. మార్పు మాత్రం సగానికి సగం.

నాలుగో పెట్టె నాయన గదిలోకి వెళ్ళింది. 1980ల్లో రిచీ స్ట్రీట్ సామాన్లతో మా ఊరి మెకానిక్ చెక్కపెట్టెలో కట్టిచ్చిన ఆంప్లిఫయరు ఒకటి అటక మీదుంది. దాన్ని బాగుచేయించి ఈ ఒంటి స్పీకరు తగిలించాం. పాత పాటలన్నీ మోనో గదా! 1957 ‘మాయాబజార్’ సౌండు ఒకే ట్రాకు. రంగులద్ది, డీటీఎస్ సౌండుతో మళ్ళీ వచ్చింది 2010లో. ఒకే ట్రాకులో పుట్టిన పాటకి ఒక్క మంచి పెట్టె చాలు. అది చూసి నాయన, “నా గదిలో ఉన్న మానిటరు లాగే ఉందే” అన్నాడు. నా గది అంటే ఆయన ఉద్దేశంలో ఇప్పటికీ ప్రొజెక్షన్ గదే!

ఆదివారం సాయంత్రం హాల్లో సినిమా వేశాం. నాయన వచ్చి పడక్కుర్చీలో కూచున్నాడు. గంటసేపు రిమోటు ఎవరూ ముట్టుకోలేదు. మాట తెలుస్తోందని ఆయన మొహమే చెప్తోంది. ఒకచోట జోకుకి మా కన్నా ముందు నవ్వాడు.

తర్వాత ఒక నాట్యం పాట పెట్టాం. మొదట్లో దూరం నుంచి గజ్జెలు దగ్గరికొస్తాయి.

“గజ్జెలు చూడు తాతా, ఎట్టా వస్తున్నాయో!” అన్నాడు మా వాడు సంబరంగా.

“గజ్జెలా? యాడ?” అన్నాడు నాయన.

పాట సాగుతోంది. ఎవరం మాట్లాడలేదు. ఆ పాటున్న సినిమా ఆయన వంద రోజులు ఆడించాడు. నాయన కాసేపు స్పీకరు వైపు చూస్తూ కూచున్నాడు. పాత సెట్టులో గజ్జెలు మాక్కూడా వినపడలేదు. అందుకే తప్పంతా సెట్టుదని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు తప్పు వెయ్యటానికి ఎవరూ దొరకలేదు.

పాట అయిపోయాక లేచి, కండువా దులుపుకుని, “రేపు సోమవారం గదా... పొద్దున్నే పోదాంలే ఆ డాక్టరు దగ్గరికి. గజ్జెలేందో నేనూ వినాల” అన్నాడు.

సోమవారం వెళ్ళొచ్చాం. రెండు చెవులకీ మిషన్లు కావాలన్నారు. ఏడువేలు చాలవు, మళ్ళీ చీటీ వేశాను. మా వాడి ఊఫరు ఇంకో ఏడు వెనక్కి జరిగింది. వాడేమీ అనలేదు.

మీరూ స్పీకర్లు కొనబోతుంటే నా మాటగా ఒక్కటి గుర్తుంచుకోండి. అట్టపెట్టె మీద వాట్లు కాదు, మీ ఇంట్లో అందరికన్నా పక్కన కూచునే మనిషికి మాట అందుతోందో లేదో చూసుకోండి. మాట అందితే పాట దానంతటదే వస్తుంది. బాంబులకేం తొందర... అవెక్కడికి పోతాయి?